చెల్లెలి ఫోన్‌కి తెలిసిన చోటు

ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని లేదు. ఆ వీధిలో అందరికీ ఆవిడ కాజాలక్క. ఆవిడ చేత్తో కుట్టిన కాజా ఉంటే, బొత్తామైనా ఊడుతుంది గానీ కాజా మాత్రం పిగిలిపోదు. కొలతలు తీసి బట్ట కత్తిరించేది చెల్లెలు. తండ్రి వదిలిపోయిన ఒంటిగది కొట్టులో ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఎదురెదురుగా కూర్చుని కుడుతున్నారు. కత్తెర పట్టడం అక్కకు ఏనాడూ చేతకాలేదు. చెల్లెలు లేకపోతే ఆ కొట్టే లేదు.

కుట్టుపనిలో అంత నేర్పున్న కాజాలక్క ఫోన్ దగ్గర మాత్రం వట్టి అమాయకురాలు. డేటా వేరు, వైఫై వేరు అంటే నమ్మేది కాదు. "రెండూ ఇంటర్నెట్టేగా, నన్ను ఆటపట్టిస్తున్నావా?" అని కసురుకునేది. వీడియోలు పెట్టుకుని కునుకు తీసేది, లేచేసరికి ఆ రోజు డేటా కాస్తా హరించుకుపోయేది. చివరికి చెల్లెలే ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది.

"ఇదిగో అక్కా, పైన ఈ బాణాలు కనిపిస్తే నీ సిమ్ డేటా ఖర్చవుతోందని. విసనకర్రలా ఇదొస్తే వైఫై. అది ఆ చోటువాళ్ళది, పాస్‌వర్డ్ చెబితేనే పడుతుంది. ఒక్కసారి కొడితే చాలు, మళ్ళీ అక్కడికెళ్తే ఫోన్ దానంతటదే పట్టేసుకుంటుంది."

"మనం మర్చిపోయినా?"

"మనం మర్చిపోయినా."

రోడ్డవతల యూనిఫాంల కంపెనీ తెరిచాక కొట్టుకి గిరాకీ పల్చబడింది. "ఒకసారి వెళ్ళి పని అడుగుదాం అక్కా, పోయేదేముంది?" అంది చెల్లెలు. ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని బయల్దేరారు. "ఎటెళ్ళాలో ఏమో, నాకూ కొత్తే" అని గేటు దగ్గర చెల్లెలు నసిగింది కూడా.

పాత పని ఫోటోలేమైనా ఉంటే చూపించమన్నాడు మేనేజరు. చెల్లెలి చేతుల్లో నమూనా చొక్కాల మూట ఉండటంతో ఆమె ఫోన్ అక్క అందుకుంది. ఫోటోలు వెతకబోతూ ఫోన్ తెర పైఅంచు చూసింది. బాణాలు లేవు. విసనకర్ర నిండుగా ఉంది.

"మీ వైఫై పాస్‌వర్డ్ లేకుండానే పడుతుందా అండీ?"

"అబ్బే, లేదండీ. ఇక్కడ పనిచేసేవాళ్ళకే ఇస్తాం."

అక్క చెల్లెలి వంక చూసింది. అంత చక్కగా పాఠం చెప్పిన పంతులమ్మ, మూట ముడి విప్పుతున్నట్టు తల వంచేసుకుంది.

రోడ్డు మీదకొచ్చాక అక్క ఆగింది. "ఎప్పట్నుంచి?"

"మూడు నెలలైంది. మధ్యాహ్నం పూట కటింగ్‌కి. వచ్చే నెల నుంచి రోజంతా రమ్మంటున్నారు."

"దారాలు తెస్తానని వెళ్ళేది ఇక్కడికా?"

"నీకు చెబితే ఏడుస్తావని..."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

"నన్నెరగనట్టే ఉండమని మేనేజరుకి ముందే చెప్పి, నీక్కూడా ఏదో ఒకటి ఇమ్మని బతిమాలాను. కాజాలకి వాళ్ళకి మిషనుందట. బొత్తాలు కుట్టే పనైతే చూస్తామన్నారు."

బొత్తాలు! అక్కకు ఒళ్ళు మండిపోయింది. తనకు తెలియకుండా తన చేతిపనిని బేరం పెట్టింది సొంత చెల్లెలు. అంతలో మరో సంగతి తట్టి ఆమె గొంతు తగ్గింది.

"వీళ్ళు మధ్యాహ్నం భోజనం పెడతారా?"

చెల్లెలు తలూపింది.

"మరి తిరిగొచ్చి నాతో మళ్ళీ ఎందుకు తినేదానివి?"

"నేను తినకపోతే నువ్వూ తినవుగా అక్కా."

ఇంకే మాటన్నా ఓర్చుకునేదేమో. కొట్టు వదిలిపోతాననడం కూడా ఏదోలా మింగగలదు. కానీ రోజూ పొద్దువాలేదాకా అన్నం డబ్బా మూత తీయకుండా తను కూర్చుంటే, కడుపు నిండా తిని వచ్చి, "ఆకలి దంచేస్తోందక్కా" అంటూ అందులో సగం తిన్న ఆ నోటిని మాత్రం చూడలేకపోయింది. పాపం, అలిసిపోయి వచ్చిందని తన వాటాలోంచి కూడా తీసి పెట్టేది తను.

"అక్కా!" చెల్లెలు చెయ్యి పట్టుకోబోయింది.

"ముట్టుకోకు" అంది అక్క. రోడ్డు దాటి ఒక్కతే కొట్టుకి నడిచింది.