కోళ్ల గంప కింది చక్రం

నిన్న మధ్యాహ్నం ప్లాస్టిక్ జిగురు గొట్టం మూత తిప్పగానే ఆ ఘాటు మళ్లీ ముక్కుకు తగిలింది. గోళ్ల రంగుకు కాస్త దగ్గరగా ఉండి నేరుగా తలకెక్కే వాసన. డెబ్బై ఎనిమిదేళ్లకు ఈ బొమ్మ కార్లేమిటని మా కోడలు మొహం చిట్లిస్తుంది, కిటికీ అయినా తెరవమంటుంది. నేను తెరవను. తెరిస్తే తడి రంగు మీద దుమ్ము పడుతుంది. ఈ మాట నాది కాదు, ప్రకాశరావు సారుది.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో మొయినాబాద్‌లోని మా ఇంటి ముందు గదిని బాపు ఆయనకు కిరాయికి ఇచ్చాడు. సారు కృష్ణా జిల్లా వైపు మనిషి, మా ఊరి బడిలో సైన్సు చెప్పేవాడు. నేను టీచర్ ట్రైనింగ్ ముగించి ఏడాదిన్నరగా ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్నాను. ముల్కీలకు, అంటే ఇక్కడివాళ్లకు, రావలసిన ఉద్యోగాలను బయటివాళ్లు దొంగ సర్టిఫికెట్లతో ఎగరేసుకుపోతున్నారని అప్పుడు ఊరూరా గొడవ. నా ఉద్యోగం మా ముందు గదిలోనే పడుకుని గురక పెడుతోందని నాకు ఒళ్లు మండేది.

పైగా ఆయన వ్యవహారమంతా అనుమానించేట్టే ఉండేది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బడులు మూతబడ్డాయి, ఆ వైపు టీచర్లంతా సొంత ఊళ్లకు వెళ్లిపోయారు, ఈయన మాత్రం కదల్లేదు. పట్టపగలు కిటికీలు బిగించుకునేవాడు. విదేశీ తపాలా బిళ్లలు అంటించిన పార్శిళ్లు వచ్చేవి. లోపల ఏదో రాకుతున్న చప్పుడు, తలుపు సందులోంచి ఆ ఘాటు. నేను వాకిలి ఊడ్చే నెపంతో రోజుకు నాలుగుసార్లు ఆ తలుపు దగ్గర తచ్చాడేదాన్ని.

"ఆయన ఫికర్ నీకెందుకే? కిరాయికున్నోని తలుపు సందుల కన్నుపెట్టుడు మంచిగుంటదా?" అని బాపు కసిరాడు.

ఆ మాటతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది. ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుని తలుపు తోశాను.

"తలుపు వేసెయ్యమ్మా సుగుణా, దుమ్ము!" అన్నాడు సారు, తల ఎత్తకుండానే.

బల్ల మీద ఒక అట్టపెట్టె, దాని మీద పైకప్పు లేని పాతకాలపు ఎర్ర కారు బొమ్మ. పక్కన ఓ వంద దాకా చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు. ఓడల్లో వంటవాడుగా పనిచేసే ఆయన తమ్ముడు విదేశాల నుంచి పంపేవాడట. ముక్కలు అంటించి కారు తయారు చేసుకోవాలి, అంతే. ఎదిగిన మగవాడు బొమ్మ కార్ల కోసం తలుపులేసుకుంటాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. దీని వెనక ఇంకేదో ఉందనుకున్నాను.

"పెట్టె మీద బొమ్మని నమ్మకూడదు. ముందు కాగితం చూసుకుంటూ ముక్కలు లెక్కపెట్టుకోవాలి," అని రెండు ముక్కలు నా చేతికిచ్చాడు. "ఆనించి చూడు. పట్టిందని తేలాకే జిగురు. అంటించాక విడదీస్తే రెండూ పాడవుతాయమ్మా."

ఆయన మీద కన్నేసి ఉంచవచ్చు కదా అని రోజూ వెళ్లాను. రెండు నెలల్లో ఆకురాయితో అంచులు నునుపు చేయడం, ఊపిరి బిగబట్టి రంగు వేయడం వచ్చేశాయి. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఉన్నంతసేపూ సంతోషంగా ఉండేది. బయటికి రాగానే ఈయన నాతో ఇంత మంచిగా ఉండటం దేనికి, నా నోరు కట్టేయడానికేనా అని మళ్లీ పురుగు తొలిచేది. ఒకరోజు ఆగలేక అడిగేశాను.

"సార్, మీరు ముల్కీయేనా?"

"సర్టిఫికెట్ ఉందమ్మా."

"ఉన్నదని నేను గూడ విన్న. నిజందేనా?"

ఆయన తడి రంగు మీద మెల్లగా ఊది, ఆకురాయి నా వైపు జరిపాడు. "ఆ బంపరు అంచు ఇంకా గరుగ్గా ఉంది, చూడు."

ఆ వారమే చేవెళ్లకు పోయి, ఉద్యమంలో తిరుగుతున్న మా పెద్దనాన్న కొడుకు యాకోబన్నను కలిశాను. "మా ఇంట్ల ఉన్న సారుది దొంగ సర్టిఫికెట్ అన్నా," అన్నాను. అనుమానం అనలేదు. కళ్లతో చూసినట్టే చెప్పాను.

నాలుగో రోజు మధ్యాహ్నం, బాపు పొలంలో ఉండగా, ఆరుగురు వచ్చారు. సారు పెట్టె తెరిచి ఉన్నదంతా వాకిట్లో కుమ్మరించారు. సగం అయిన ఎర్ర కారు, విడి ముక్కలు, అంకెలు బాణాలు ఉన్న కాగితం.

"గిదేంది, నక్షానా? గీ వాసనేంది, మందుగుండా?" అన్నాడొకడు.

యాకోబన్న నా వైపు తిరిగాడు. "సుగుణా, నువ్వు గీ ఇంట్లనే ఉంటవు గద. ఇవేందో నీకు ఎరుకేనా?"

అన్న చేతిలో ఉన్నది నేను నునుపు చేసిన బంపరే. సారు నా వైపు చూశాడు. ఎరుకే అంటే, ఆ గదిలో రెండు నెలలు ఏం చేసినవని అడుగుతారు.

"నాకు తెల్వదన్నా," అన్నాను.

ఎవరి చెప్పు కిందో ఏదో చిట్లింది. "తొక్కకండి బాబూ," అన్నాడు సారు. "పొద్దున్నే వెళ్లిపోతాను. వాటిని మాత్రం తొక్కకండి."

వాళ్లు వెళ్లాక ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కాగితం చూసుకుంటూ ఒక్కొక్క ముక్కా ఏరుకున్నాడు. పొద్దు వాలేవేళ కోళ్లను మూయడానికి గంప ఎత్తితే కింద నల్లటి చక్రం కనబడింది. తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. అప్పుడే ఆయన అడిగాడు.

"అమ్మాయ్, నల్లగా, గుండ్రంగా, చిన్నది ఏమన్నా కనబడిందా?"

చక్రం అనలేదు. నా అబద్ధాన్ని నిలబెట్టడానికి, ఆ వస్తువును నేనెన్నడూ చూడనట్టే ఆనవాళ్లు చెప్పాడు. ఇచ్చేస్తే అదేమిటో నాకు తెలుసని ఒప్పుకున్నట్టే.

"లేదు సార్," అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకు వెళ్లిపోయాడు. కిటికీలో ఆకురాయి ఉంది. మరిచిపోయాడో, నాకోసం ఉంచాడో తెలియదు. బడులు తెరిచాక ఆ ఉద్యోగం నాకే వచ్చింది. బాపు మాత్రం చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత యాకోబన్నను ఆ సర్టిఫికెట్ సంగతి అడిగాను. "ఆ రోజు ఎవలు చూసిన్రు? నువ్వు జెప్పినవ్, మేం వచ్చినం," అన్నాడు. ఉద్యమం అడిగింది న్యాయమేనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. నేను చేసింది మాత్రం న్యాయం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలు ఒకరి మీద ఒకరు చాడీ చెప్తే, "చూసినవా, అనుకుంటున్నవా?" అని అడిగేదాన్ని. అడిగిన ప్రతిసారీ నాకే తగిలేది.

పదవీ విరమణ తర్వాత ఇలాంటి పాత పెట్టెలు వెతికి కొనడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లకు, నిన్న, ఆ ఎర్ర కారే దొరికింది. పెట్టె మీద బొమ్మను నమ్మకుండా ముక్కలు లెక్కపెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి, చక్రాలు నాలుగూ ఉన్నాయి. అప్పుడు ఆనాటి నుంచి నా డబ్బాలో దాచుకున్న పాత చక్రం తీసి ఇరుసుకు ఆనించి చూశాను. సరిగ్గా పట్టింది. జిగురు పెట్టలేదు. అది ఈ కారుది కాదు.