ఎడమ చెంపకు కట్టిన మొక్కు గుడ్డ

ముఖం ఒక పక్కకు వంకర పోయిన మనిషి ఎదురైతే మీకు మొదట తట్టేదేమిటి, జబ్బా, శాపమా? నిజం చెప్పండి.

దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న వెరులంలో నేను అద్దెకున్న ఇంటివాళ్లకు శాపమే తట్టింది. అందరికీ ఓటు వచ్చిన ఎన్నికలై ఏడాది దాటాక, ఆంధ్ర నుంచి లెక్కల మాస్టారుగా అక్కడికి వెళ్లాను. ఇంటావిడ ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆమె కూతురు బట్టల దుకాణంలో పనిచేసేది. ఆరేళ్ల కిందట చెవి వెనక గడ్డకు ఆపరేషన్ చేస్తుంటే ముఖం ఎడమ పక్కను కదిలించే నరం తెగింది. గాలి సోకిందనీ, అమ్మోరికి కోపం వచ్చిందనీ ఇంట్లోవాళ్లు గుడుల చుట్టూ తిరిగారు. వెంటనే ఆ నరాన్ని అతికి ఉంటే సరిపోయేదేమో. అతికే డాక్టర్లున్న ఆసుపత్రి అప్పట్లో తెల్లవాళ్లది. అమ్మోరూ ప్రభుత్వమూ కలిసి ఆ చెంప కండరాలను ఎండబెట్టాయి.

ఎడమ కన్ను పూర్తిగా మూతపడేది కాదు. టీ తాగితే ఆ పక్క నుంచి కారేది. తమను చూసి వెక్కిరిస్తోందని కొనేవాళ్లు గొడవ పెట్టుకుంటే యజమాని ఆమెను వెనక గోదాములోకి మార్చాడు. ఆమెకు కావలసింది ఒక్కటే, మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడి మనుషుల్ని చూసి నవ్వడం.

"దేశమంతా ఫ్రీ అయిపోయింది సార్, నా లెఫ్ట్ చెంపకే ఇంకా రాలా," అనేది.

ఆసుపత్రి తలుపులు అందరికీ తెరిచారు కనుక డర్బన్‌కు నేనే కారులో తీసుకెళ్లాను. మొదట పిక్కలోంచి తీసిన నరాన్ని కుడి చెంప నుంచి పై పెదవి కిందుగా ఎడమవైపుకు వేశారు. అందులో ప్రాణం అటు పాకడానికి తొమ్మిది నెలలు ఆగాం. తర్వాత తొడలోంచి ఒక కండను రక్తనాళాలతో సహా కోసి చెంపలో పెట్టి, మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టారు. పగలంతా పట్టింది. కొత్త కండకు రక్తం ఆగిపోతుందని, ఆ వైపు మెడకూ చెంపకూ ఏదీ బిగుతుగా తగలకూడదని సిస్టర్ నా ఎదుటే తల్లికి చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి కూతురి మెడ చుట్టూ శాలువా ఉంది. దాని కింద, దవడను నొక్కుతూ, తల్లి బిగించి కట్టిన పసుపు గుడ్డ. అమ్మోరికి మొక్కుకుని కట్టిన గుడ్డను ఆపద గడిచేదాకా విప్పరు.

"ఇది తీసేయాలమ్మా," అన్నాను.

"ఐకోనా, వద్దే వద్దు! ముట్టకు సార్!" అంది తల్లి. "దేవుడు లేడంటావు, లేకుంటే లేకపోనీ. నా పిల్ల నీ డిబేట్ కాదు."

కూతురు పెదవి కుడి పక్కతో నవ్వింది. "ఉండనీ సార్. దాంతో అమ్మకి నిద్ర పడద్ది. సిస్టర్‌కి చెప్పావంటే ఇక్కడే పెద్ద వార్ అయిపోద్ది."

నాస్తిక సభల్లో పురోహితుల నోళ్లు మూయించినవాణ్ణి, అక్కడ నా నోరు నేనే మూసుకున్నాను. ఏడుస్తున్న పెద్దావిడ నమ్మకాన్ని మన్నించడం సంస్కారమని సర్దిచెప్పుకున్నాను. పది అడుగుల దూరంలో ఉన్న సిస్టర్‌కు గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పి వచ్చేశాను.

తెల్లారేసరికి చెంప వాచింది. మళ్లీ తెరిచారు. సిరలో రక్తం గడ్డకట్టి కండ నల్లబడింది. తీసేశారు.

ఏ గుడ్డా కట్టకపోయినా ఒక్కోసారి ఇలా అవుతుందన్నాడు సర్జన్. గుడ్డే చంపిందనడానికి నా దగ్గర రుజువు లేదు, లేనిదాన్ని రాయను. కానీ వద్దన్న పని కళ్లముందే జరుగుతుంటే నేను ఊరుకున్నాననడానికి వేరే రుజువు అక్కర్లేదు. తల్లి మాత్రం గుడ్డ ఒకరోజు ఆలస్యంగా కట్టినందుకే ఇలా అయిందంది.

రెండో తొడ ఇవ్వనంది కూతురు. "చాలు సార్. గోదాములో నన్నెవరూ నవ్వమని అడగరు."

ఈ వారం మీవాళ్లెవరినైనా ఆసుపత్రిలో చూడబోతున్నారా? దుప్పటి తొలగించి చూడండి. తాయెత్తో, ముడుపో, ఆకు పసరో కనబడితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారని ఆగకండి. దేవుడున్నాడా లేడా అన్న వాదన ఇంటికెళ్లాక పెట్టుకోండి. ముందు సిస్టర్‌ను పిలవండి.