పత్తి మొలిచిన పైపు

మా ఇంట్లో వేడినీళ్ల పైపుకి పత్తి మొలిచిందంటే ఎవరూ నమ్మరు. మొలిచింది. నా కళ్లతో చూశాను.

మాది భైంసా దగ్గర పత్తి పండించుకునే ఇల్లు. చలికాలం పొద్దున ఇక్కడ నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకే డాబా మీద సోలార్ హీటర్ పెట్టించుకున్నాం. అక్కడి నుంచి ప్లాస్టిక్ పైపు ఉత్తరం గోడ వెంట దిగి పెరట్లోని బాత్రూంలోకి వస్తుంది. బిగించినవాళ్లు బాత్రూంలో ఉన్న ఒక్క నల్లాకూ ఆ వేడినీళ్ల పైపే కలిపి పోయారు. చల్లనీళ్లు కావాలంటే వాకిట్లోని గోలెంలో ముంచి తెచ్చుకోవాలి.

నన్ను కన్న అవ్వ మా దగ్గరే ఉంటుంది. నాకు అన్నదమ్ములు లేరు. బాపు పోయాక నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. వచ్చిందన్న మాటే గానీ, అల్లుని ఇంట్లో ఉంటున్నానన్న బిడియం ఆమెను వదల్లేదు. కూరలో ఉప్పు లేకపోయినా అనదు. మా ఆయన ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు చెబుతుంది, నేను ఆయనకు చెప్పాలి. ఆయనా అంతే. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని నాది.

మొన్నటి చలికాలం ఒక పొద్దున స్నానానికి వెళ్లిన అవ్వకు టవల్ అందిద్దామని వెళ్లి, ఊరికే ఆమె బకెట్లో చెయ్యి పెట్టాను. ఐసు నీళ్లు.

"గివ్వేందే అవ్వా, గింత సల్లగున్నయి?"

"మంచిగనే ఉన్నయి బిడ్డా."

"ఏడ మంచిగున్నయి? పండ్లు కొట్టుకుంటున్నయి నీకు!"

గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. మా ఆయన తెల్లారకముందే స్నానం చేసి చేనుకు పోతాడు. అవ్వ వెళ్లేసరికి పైపులో నిలిచిన నీళ్లు చల్లారిపోయి ఉంటాయి. ఒక బకెట్ పారబోస్తే వెనక వేడివి వస్తాయి. ఆ బకెట్ పారబోయడానికే ఆమెకు చేతులు రాలేదు.

"అల్లుని ఇంట్ల నీళ్లు వారవోసుకుంట కూసుంటే ఏం మర్యాద? నువ్వు ఆయనకు జెప్పకు."

చలి మొదలైనప్పటి నుంచీ ఆ నీళ్లే పోసుకుంటోందట. ఆమె విడవని దగ్గుకు నేను తెచ్చిన మందు ఎందుకు పనిచేయలేదో నాకప్పుడు తెలిసింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపమే బయటపడింది, ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను.

చెప్పొద్దన్న సంగతి ఆ మధ్యాహ్నమే మా ఆయనకు చెప్పేశాను. ఆయన వెంటనే లేచాడు. రేటు కోసం ముందుగదిలో కప్పు దాకా నింపుకున్న పత్తిలోంచి ఇంత తీసి, నన్ను అడగకుండానే నా పాత చీరల్లో పెట్టి, పైపు పొడవునా కట్టాడు. దాని మీద గోనెసంచులు చుట్టి సుతిలి తాడుతో బిగించాడు.

"బజార్ల పైపులకు తొడిగే స్పాంజి గొట్టాలు దొర్కుతయంట," అన్నాను.

"ఇంటినిండ పత్తి వెట్టుకొని బజార్ల కొంటరా? పత్తికన్న వెచ్చగ ఏముంటది?"

పక్కింటి అక్క గోడ మీంచి తొంగి చూసి, "పైపుకు సలివెడుతున్నదా తమ్మీ? జర మఫ్లర్ గూడ కట్టు," అంది.

నిజం చెప్పాలంటే పనిచేసింది. అవ్వ బకెట్లోంచి ఆవిరి లేచింది. కొన్నాళ్లు మా ఆయన మీసం మీది చెయ్యి తీయలేదు. తర్వాత అకాల వాన పట్టుకుంది. గోనె తడిసింది, పత్తి నానింది, నీళ్ల కథ మళ్లీ మొదటికొచ్చింది. ఎండకు ఆరుతుందిలే అని ఆయన విప్పలేదు. ఉత్తరం గోడకు ఎండెక్కడిది? ఒక ఉదయం చూస్తే గోనె కన్నాల్లోంచి పచ్చటి మొలకలు తల బయటపెట్టాయి. గింజ తీయని పత్తి మరి. మీద తడి, లోపల వేడి, ఇంకేం కావాలి వాటికి!

నేను నవ్వాపుకోలేక కింద కూలబడ్డాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆమె అలా నవ్వగా చూడటం అదే మొదలు. ఆయన మాత్రం ఒక మొలకను పీకి వేళ్ల మధ్య తిప్పుతూ, "ఇత్తనం మంచిగనే ఉన్నది," అన్నాడు.

ఆ రోజే బజారుకు పోయి నల్లటి స్పాంజి గొట్టాలు తెచ్చాడు. ఏసీ పైపులకు తొడిగేవట. పొడవునా చీలిక ఉంటుంది. దాన్ని తెరిచి పైపుకు తొడిగి, చీలిక మీద టేపు వేయాలి. మలుపుల దగ్గర ఏటవాలుగా కోసి కలపాలి. ఆయన నిచ్చెన ఎక్కాడు. అవ్వ కింద నిలబడి టేపు ముక్కలు కోసింది.

"అత్తను జర పెద్ద ముక్క ఇయ్యమను," అన్నాడు నాతో.

"గింత సాల్తదా అడుగు," అంది అవ్వ, అదీ నాతోనే.

"మీ నోర్లు వడిపోయినయా?" అన్నాను విసుగొచ్చి. అవ్వ పెద్ద ముక్క కోసి నా చేతిలోనే పెట్టింది, ఆయనకు అందించమని.

మర్నాడు పొద్దున ఆయన స్నానమయ్యాక అవ్వ వెళ్లి తలుపేసుకుంది. ఆయన చేనుకు పోకుండా ఏదో పనున్నట్టు వాకిట్లోనే తిరుగుతున్నాడు. నల్లా విప్పిన చప్పుడైంది. బకెట్ నిండుతోంది. మళ్లీ ఆ "మంచిగనే ఉన్నయి" అనే అబద్ధమే వినాలేమోనని నాకు భయంగా ఉంది.

"ఓ అల్లుడా! గివ్వేం నీళ్లయ్యా, పెయ్యి గాలుతున్నది! జర సల్లనీళ్లు తెచ్చియ్యుండ్రి!"

నేను గబుక్కున లేవబోయాను.

"నువ్వు కూసో," అన్నాడాయన, అప్పటికే గోలెంలో బకెట్ ముంచుతూ. "నన్ను పిలిచింది."