టవర్ ఎందుకు కదలదు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన ప్రతివాళ్లూ తమంత తెలివైనవాళ్లు లేరని నమ్మిన రోజులవి. నేనూ నమ్మాను. మా కంపెనీ అప్పట్లో జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో ఉండేది. వంటగదిలో సర్వర్లు, పూజగదిలో హెచ్.ఆర్. (దేవుడి గూట్లో మా ఫైళ్లుండేవి. రాజీనామా ఇవ్వబోయేవాళ్లు కూడా చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవారు.) చుట్టుపక్కల బంగళాల్లోని కంపెనీలన్నీ కలిసి ఆడవాళ్లకు బాస్కెట్‌బాల్ పోటీ పెట్టుకున్నాయి. మా జట్టులో ఐదుగురు ఆడతారు, ఆరో మనిషిని నేను. అంటే సీసాల్లో నీళ్లు నింపడం, చున్నీలకు కాపలా కాయడం.

జట్టుకు ప్రాణం మా రిసెప్షన్ అమ్మాయి. బోరబండ నుంచి వచ్చేది. ఆరడుగులకు రెండంగుళాలే తక్కువ కాబట్టి టవర్ అని పిలిచేవాళ్లం. బంతి ఆమె చేతికి అందితే బుట్టలో పడినట్టే. చిక్కల్లా ఎదుటివాళ్లు మా బుట్ట మీదికి వచ్చినప్పుడు. టవర్ బుట్ట కింద చేతులెత్తి నిలబడేది, కదిలేది కాదు. ఆమె కళ్లముందే వాళ్లు బంతి వేసి పోయేవారు. దీని మీద క్యాంటీన్లో రెండు పార్టీలయ్యాం. "స్టార్‌నని పొగరు దానికి. పాయింట్లు వేస్తే చాలనుకుంటోంది, ఒళ్లు వంచడం లేదు" అని నేను. (నాది గుంటూరు గొంతు, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా వినబడుతుంది.) "కోచ్ నేర్పిందే చేస్తోందేమోనే, అటు కూడా చూడు" అని జట్టు వ్యవహారాలు చూసే మా హెచ్.ఆర్. అక్క. "ఏ కోచైనా కదలొద్దని నేర్పుతాడా అక్కా?" అంటే బల్ల బల్లంతా నవ్వింది. పైకి చెప్పని సంగతి ఒకటుంది: ఆమె తప్పుకుంటే ఆ చోటు నాది.

కోచ్‌ను మాస్టర్ అనేవాళ్లం. కుర్రతనంలో జిల్లా జట్టుకు ఆడి, తర్వాత ఇరవై ఏళ్లు సినిమాల్లో ఫైటర్‌గా దెబ్బలు తిన్న మనిషి. షూటింగ్ లేని ఉదయాల్లో ఫిల్మ్‌నగర్ నుంచి వచ్చి నేర్పేవారు. ఆయన పాఠం చెప్పే వేళకు నేను కుళాయి దగ్గర ఉండేదాన్ని కాబట్టి ఏం చెప్పేవారో నాకు తెలియదు. తెలియకపోవడం నా వాదనకు ఏనాడూ అడ్డు రాలేదు. ఫైనల్‌కు ముందు రోజు ఆమెను తప్పించమని ఆఫీసంతా తిరిగి సంతకాలు కూడా సేకరించాను. విసిగిపోయిన అక్క "సరే తల్లీ, మొదట నువ్వే దిగు" అంది. ఆ మాట రిసెప్షన్ బల్ల దగ్గరున్న టవర్ వింది. "మా నాయిన ఆటో బందు పెట్టుకొని వస్తుండు అక్కా, నేనాడేది జూడనీకి" అంది. మళ్లీ తనే నా వైపు తిరిగి, "ఫికర్ లేదు తియ్యి, నువ్వాడు" అని నవ్వింది. నేను సంతకాల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఫైనల్ రోజు మాస్టర్ నన్ను పక్కకు పిలిచారు. "జూడు బిడ్డా, నువ్వు బుట్ట కింద నిలవడాలె. మిగిలిన నలుగురు ఒక్కొక్కలే ఎదురువోతరు. ఒకరి పని అయినంక ఇంకొకరు. అందరు ఒక్కపారే ఉరికితే ఫ్రేము ఖరాబైతది. నువ్వు లాస్టు. నేను చెప్పేదాంక కదలకు." సినిమా ఫైటింగులో రౌడీలు పదిమందున్నా వరసలో ఆగి ఒక్కొక్కరే వచ్చి తన్నులు తింటారే, అదే మా డిఫెన్సు! "అవతలివాళ్లు ఐదుగురూ ఒకేసారి వస్తే, మాస్టర్?" అని అడిగాను. "గట్లెట్ల వస్తరు? రారు."

వచ్చారు. నేను చేతులెత్తి నిలబడ్డాను. కదలబోతే "ఆగు!" అని మాస్టర్ అరుపు. నాలుగు బుట్టలు నా ముక్కు ముందే పడ్డాయి. "ఒళ్లు వంచడం లేదు చూడు" అని మా ఆఫీసు గుంపులోంచి ఎవరో అన్నారు. ఆ పక్కనే ఖాకీ చొక్కా ఆయన, టవర్ వాళ్ల నాన్న, కూతురు ఎప్పుడు దిగుతుందా అని మెడ చాచి చూస్తున్నాడు. ఇక ఆగలేకపోయాను. అక్క దగ్గరికి పరుగెత్తి "దాన్ని పంపు, వరస మాన్పించు" అన్నాను. టవర్ దిగి, ఐదుగురూ కలిసి కదిలాక కానీ ఆమె ఎంత ఎగరగలదో మాకు తెలియలేదు. అయినా మూడు పాయింట్లతో ఓడిపోయాం. వాళ్ల నాన్న మాత్రం గెలిచినట్టే ఈల వేశాడు.

"ఈ పద్ధతి తప్పని మాస్టర్‌తో చెప్పొచ్చుగా? మేమంతా నిన్ను అన్నన్ని మాటలన్నాం" అన్నాను తర్వాత టవర్‌తో. "అందరి ముంగట ఎట్ల చెప్తనక్కా, పెద్దమనిషి. ఆయన ఇజ్జత్ పోతుండె" అంది చెమట తుడుచుకుంటూ. క్షమించమని అడగాల్సింది పోయి, ఆమె సీసా నింపుకొచ్చి చేతికిచ్చాను.

ఇదంతా జరిగి ఏళ్లయింది. నిన్న మా అత్తగారు నా పాపను చూసి, "పద్నాలుగు నెలలొచ్చాయి, దీనికి నడవడానికి బద్ధకమమ్మా" అన్నారు. నాకు చర్రున కోపం వచ్చింది. "బద్ధకం కాదండీ, ఎవరో కదలనివ్వట్లేదేమో" అనేసి, అక్కడే ఆగిపోయాను. అది లేచి నిలబడినప్పుడల్లా, పడుతుందేమోనని పరుగెత్తుకెళ్లి కూర్చోబెడుతున్నది నేనే. (ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి, నిద్రపోతున్న దాని ఊపిరి చూసొచ్చాను.) క్యాంటీన్లో అంత గట్టిగా తీర్పులు చెప్పిన ఆ గుంటూరు అమ్మాయి, తన వంతు వచ్చేసరికి ఎలాంటి కోచ్‌గా తేలిందో తలుచుకుంటే నవ్వొస్తోంది. రేపు పాప లేచి నిలబడినప్పుడు నేను ఉన్నచోటే ఉండాలనుకుంటున్నాను. చూద్దాం, ఎంతసేపు ఉండగలనో.