మట్టిబండ్ల దోవ

ఆ దోవ తీయొద్దని బతిమాలింది నేనే. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పనంత మాత్రాన తప్పు ఇంకొకరిది అవుతుందా?

డెబ్బైల చివర్లో నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఒక రిజర్వాయరు దగ్గర నేను అడవి శాఖ వాచరుని. ఏటా కొంగలు వచ్చేవి. గూడు కట్టుకోవడానికి నీళ్లలో ఒక్క చెట్టూ లేక నాలుగు రోజులు తచ్చాడి వెళ్లిపోయేవి. అందుకని ఒక ఎండాకాలం, నీళ్లు అడుగంటినప్పుడు, లోపల ఒక మట్టిదిబ్బ పోయించి దానిమీద నల్లతుమ్మ నాటమన్నారు. మళ్లీ నీళ్లు నిండితే చెట్ల చుట్టూ నీళ్లే ఉంటాయి. నీళ్లు చూస్తే ఆగిపోయే ఊరకుక్కలు గూళ్ల దాకా రాలేవు. మంచి ఆలోచన. చెడగొట్టింది నేను.

బండ్లతో మట్టి తోలడానికి ఒడ్డు నుంచి దిబ్బదాకా ఎత్తుగా ఒక దోవ వేశారు. పని అయ్యాక దాన్ని తవ్వేయాలి. అప్పటికి నేనూ నా భార్యా మొక్కలకు కడవలతో నీళ్లు మోస్తున్నాం. ఒకరోజు ఆమె దోవ పక్క బురదలో జారి మోకాలు బెణికించుకుంది. దోవ తీసేస్తే ఇక రోజూ ఆ బురదలోనే నడవాలి. ఆమె కుంటుతూ కడవ ఎత్తుకోవడం చూడలేక మేస్త్రీ దగ్గరికి పోయాను.

"అన్నా, మొక్కలు నిలదొక్కుకునేదాకా దోవ తీయొద్దు."

"మాకూ పని తప్పుతాదిలేప్పా, ఉండనీ" అన్నాడు నవ్వుతూ.

వానలొచ్చి దోవ మునిగింది. ఆ తర్వాత నీళ్లు మళ్లీ అంత కిందికి దిగలేదు. కంటికి కనబడకపోయేసరికి నేనూ మరిచిపోయాను.

నాలుగేళ్లకు తుమ్మలు మనిషెత్తు దాటాయి. కొంగలు దిగాయి. ముళ్లకొమ్మల మీద ఉతికిన బట్టలు ఆరేసినంత తెలుపు. నా భార్య కట్ట మీద నిలబడి పొద్దస్తమానం ఒకటే మాట: "మనం నీళ్లు పోసిన చెట్లకే వచ్చినాయి సూడయ్యా."

ఆ ఏడే వానలు మొండికేశాయి. గూళ్లలో పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. తూము తెరిచే లస్కరు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, పది దినాలు ఆపు. పిల్లలు ఎగిరిపోతాయి."

"ఆడ వరి పొట్టకొచ్చి ఎండిపోతాంది. కొంగల కోసం కొంపలు కూలాల్నా? నువ్వే చెప్పు."

అతను అన్నదే న్యాయం.

నీళ్లు దిగాయి. అందరికంటే ముందు బయటపడింది నా దోవే. ఒడ్డు దిక్కంతా ఎండిపోయినా దిబ్బ చుట్టూ నడుం లోతు నీళ్లు మిగిలే ఉన్నాయి. పిల్లలు ఎగిరేదాకా అవి చాలేవి. కానీ ఆ నీళ్ల మధ్యలో నుంచి దోవ నేరుగా గూళ్ల కిందికి పోయింది. మర్నాడు పొద్దున్నే కుక్కలు దానిమీద నడుచుకుంటూ వచ్చి, బెదిరి కిందపడిన పిల్లలను తినేశాయి.

నేనూ ఆమే గడ్డపార, పార పట్టుకుని దోవకు గండి కొట్టడానికి దిగాం. లోతు నీళ్లున్నది దిబ్బ పక్కనే కాబట్టి అక్కడే తవ్వాలి. బండిచక్రాలు తొక్కిన మట్టి గడ్డపారకు లొంగలేదు. మేం జానెడు తవ్వేసరికి నీళ్లు బెత్తెడు దిగేవి. పైన తల్లులు అరుస్తూ తిరుగుతున్నాయి గాని, మమ్మల్ని చూసి ఒక్కటీ వాలడం లేదు. పిల్లలు ఎండకు నోళ్లు తెరుచుకుని మెడలు వాల్చేస్తున్నాయి. వాటికోసమని మేం కాస్త దూరం జరిగామో లేదో, కుక్కలు దోవ ఎక్కాయి.

"ఈడుంటే తల్లులు దిగవు, పోతే కుక్కలు ఊరుకోవు. ఏం జేద్దామయ్యా?" అని ఆమె ఏడ్చేసింది. నాకూ ఏడుపే వచ్చింది. దేవుడి మీదా, ఎండ మీదా, నా మీదా కోపంతో తవ్వాను.

మూడోనాటి మధ్యాహ్నం గండి పడింది. నీళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు కలిశాయి. ఇద్దరం దోవ మీదుగా ఒడ్డుకొచ్చి కట్ట ఎక్కి కూర్చున్నాం. కుక్కలు గండి దాకా వచ్చి ఆగిపోయాయి. తల్లులు దిగాయి. ఒక్కో గూటి అంచున నిలబడి ముక్కుతో పిల్లలను కదిలించి చూశాయి. ఒక్క పిల్లా మెడ ఎత్తలేదు. సాయంత్రానికి అన్నీ లేచి వెళ్లిపోయాయి.

నంద్యాల నుంచి ఆఫీసరు వచ్చి ఏమైందని అడిగాడు. "నీళ్లు వదిలినారు సార్" అన్నాను. మాట లస్కరు మీదికి పోయింది.

ఇంటికొచ్చాక నా భార్య అడిగింది. "దోవ సంగతి ఏంటికి చెప్పలేదు?"

"చెప్తే నీ మోకాలి సంగతీ చెప్పాల."

"కడవ మోసింది నేను. దోవ కావాలని నిన్ను అడిగినానా?"

అడగలేదు. మరుసటి ఏడు రిజర్వాయరు నిండింది. కొంగలు దిబ్బ మీద రెండు చుట్లు తిరిగి, వాలకుండా ఆళ్లగడ్డ దిక్కు పోయాయి. ఆమె కట్ట మీద నిలబడి చూసింది. నా కోసం ఆగకుండా కట్ట దిగి ఇంటికి పోయింది.