శుక్రవారం ఫోను

నా చిన్నప్పుడు మా నాయన మస్కట్‌లో ఉండేవాడు. శుక్రవారం ఆయనకు సెలవు. మెట్‌పల్లి బస్టాండు దగ్గరున్న ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసేవాడు. అందుకని వారం వారం అమ్మ, నాయనమ్మ, నేను పెళ్ళికి పోతున్నట్టు తయారై ఊరి నుంచి బస్సెక్కేవాళ్ళం.

నాయనమ్మకు ఫోను పట్టుకోవడం చివరిదాకా రాలేదు. ఎన్నిసార్లు చెప్పినా తలకిందులుగానే పట్టేది. వినే వైపు నోరు పెట్టి "కొడుకా, తిన్నవా?" అని అరిచేది. బూత్ ఆయన లేచి వచ్చి రిసీవరు తిప్పి పెట్టాల్సిందే. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

ఒక వానాకాలం నాయనమ్మ జ్వరంతో చనిపోయింది. నాయన పాస్‌పోర్టు అక్కడి యజమాని చేతిలో ఉంది, అడిగినా ఇవ్వడు. రాలేని మనిషికి ఈ కబురు చెప్పి పరాయి దేశంలో ఒంటరిగా ఏడిపించడం ఎందుకని అమ్మ, పక్కింటి అమ్మమ్మ కూడబలుక్కున్నారు. అమ్మమ్మది కూడా నాయనమ్మ లాంటి బొంగురు గొంతే. ఆ శుక్రవారం ఆమె రిసీవరు అందుకుని "కొడుకా, తిన్నవా? నేను మంచిగున్న" అంది. బయటికి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది.

తర్వాత వారం వారం అదే నాటకం. తల్లిని నాయన అవ్వ అనేవాడు. ప్రతిసారీ "అవ్వకియ్యి" అని ఆశగా అడిగేవాడు. పాపం, ఏమీ తెలియదు కదా అని నాకు దుఃఖం ముంచుకొచ్చేది.

తిరిగొచ్చిన రోజు నాయన పెట్టెలు వాకిట్లోనే వదిలి పక్కింటికి వెళ్ళాడు. తల్లి కోసం కొన్న మెత్తటి దుప్పటిని అమ్మమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె ఘొల్లుమంది.

"నాకు మొదటి దినమే ఎర్కైంది అత్తా. మా అవ్వ ఒక్కనాడన్న ఫోన్ సక్కగ పట్టిందా?"

"మరి గిన్ని దినాలు ఎందుకు మాట్లాడినవ్ రా?"

"నా కోసం మీరు గంత తిప్పలు పడుతుంటె, నాకు తెల్సని ఎట్ల చెప్పాలె?"

అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆ దుప్పటిలో తల పెట్టి ఏడ్చాడు. ప్రేమతో ఆడిన అబద్ధాన్ని తెలిసి కూడా వినాలని నేను నేర్చుకున్నది ఆ రోజే.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మా చిన్నమ్మాయి, మస్కట్ నుంచి ఆయన మాటలు నింపి పంపిన పాత క్యాసెట్లు వెతికి తీసి, ఆ గొంతును తన ఫోనులోకి ఎక్కించింది. మనం ఏదడిగినా అది ఆయన గొంతుతో జవాబు చెబుతుందట. రేపు రేపు అందరూ పోయినవాళ్ళతో ఇట్లాగే మాట్లాడుకుంటారట. "తాత మాట్లాడతడే అమ్మా, ఇను" అని నా చెవి దగ్గర పెట్టింది.

"మంచిగున్నవా బిడ్డా?" అంది ఫోను. అచ్చం ఆయన గొంతే. కానీ ఆ క్యాసెట్లు నాయనమ్మ బతికున్నప్పటివి. తిరిగొచ్చాక నాయన నన్ను ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు. తల్లిని పిలుచుకున్నట్టు అవ్వా అనే పిలిచాడు, చివరి ఊపిరి దాకా. ఆ సంగతి ఫోనుకేం తెలుసు?

మా అమ్మాయి రెప్ప వేయకుండా నా ముఖంలోకే చూస్తోంది. ఎన్నాళ్ళు కష్టపడిందో.

"మంచిగున్న నాయినా" అన్నాను.