మూసిన షట్టర్ ముందు సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయారని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. ఏడ్చాను. ఏడుస్తుంటేనే నవ్వు కూడా వచ్చింది. ఆవిడ తలపుకొస్తే ఎవరికైనా అంతే.

అమీర్‌పేట హాస్టళ్ల సందులో ఒక లేడీ డాక్టర్‌గారి చిన్న క్లినిక్ ఉండేది. సిస్టరమ్మ అక్కడ నర్సు. డాక్టర్‌గారు పెద్దవారైపోయారు, బిల్డింగు అమ్ముడుపోయింది, క్లినిక్ మూసేశారు. అబార్షన్ అవసరమైన హాస్టల్ పిల్లలకీ, కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులకీ భయపడకుండా వెళ్లగలిగే చోటు అదొక్కటే. అది పోయాక కూడా ఆవిడ రోజూ పదింటికల్లా వచ్చి, మూసిన షట్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"తాళం చూసి పిల్ల వాపస్ పోతే సీదా మెడికల్ షాపుకే పోతది, ఏదో గోలీ మింగుతది" అనేవారు.

నేనూ ఆ తాళం చూసి వెనక్కి తిరిగినదాన్నే. మైత్రీవనంలో కోచింగ్‌కని భీమవరం నుంచి వచ్చాను. కారణమైనవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. సిస్టరమ్మే నన్ను కేకేసి ఆపారు.

"ఎన్ని వారాలు బిడ్డా?"

"ఐదండి. నా పేరు..."

"పేరు నాకొద్దు, తేదీ చెప్పు."

నేను నెల తప్పిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాను, తెలివిగలదాన్ని కదా! ఆవిడ ఆఖరి నెలసరి తేదీ అడిగి వేళ్లు మడిచారు. "తొమ్మిది. వారాల లెక్క గా తేదీ నుంచే బిడ్డా, ఇంక ఆలస్యం చేయొద్దు. నడు, ఇప్పుడే పోదాం."

పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. కౌంటర్ ఆయన తల కూడా ఎత్తకుండా, "భర్త సంతకం కావాలి. లేదంటే నాన్నని పిలిపించండి" అన్నాడు. నాన్నకి తెలిస్తే నా చదువు అక్కడితో సరి.

సిస్టరమ్మ కోప్పడలేదు. సంచిలోంచి తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టారు. "మేజర్ పిల్ల. కానూన్ ప్రకారం ఆమె సంతకం చాలు. మీరు కాదంటున్నరు గదా, గా మాటే రాసి, మీ పేరు పెట్టి, ముద్ర ఏసియ్యండి. మేం పోతం, ఫికర్ లేదు."

ఆయన కాగితాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఆ ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి నన్ను పిలిచారు. నా సంతకం ఒక్కటే తీసుకున్నారు.

"నోటితో వద్దనేటోళ్లు మస్తుమంది బిడ్డా, రాసిచ్చేటోడు ఒక్కడు లేడు" అని సిస్టరమ్మ నవ్వారు.

తర్వాత కోచింగ్ తీసుకున్న పరీక్ష రాశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. నా బతుకు నా చేతిలోనే ఉండిపోయింది. ఆవిడకి ఎంత రుణపడ్డానో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన ఆ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో రోడ్డు దాటడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆవిడ ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ట్రాఫిక్‌లోకి నడిచారు. సిటీ బస్సు ఆగింది. వెనక ఆటోలు, కార్లు అన్నీ ఆగాయి. డ్రైవర్ హారన్ మోగిస్తున్నాడు. నేను పరుగెత్తబోయాను.

"ఉరకకు బిడ్డా, నిమ్మళంగ నడువు" అన్నారు. "ఆగనీ అందర్నీ."